మామ్మ తెలుగు బైబిలు, మనవడి హిందీ ప్రార్థన

రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా రైలుమార్గం 1931లో పూర్తయింది. టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా సాగే ఆ దారినే ఉత్తరాంధ్ర నుంచి ఎందరో పొట్ట చేతపట్టుకుని ఇటు రాయ్‌పూర్ వైపు వచ్చారు. కొందరు రైల్వేలో, వ్యాగన్ రిపేరు షాపులో కుదురుకున్నారు. 1959లో భిలాయిలో ఉక్కు కొలిమి వెలిగాక మరికొందరు అక్కడికి చేరారు. వాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. వాళ్ల ఇళ్లలో తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లలో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం పెరుగుతోంది.

ఈ పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ప్రార్థన చెయ్యమంటే హిందీ అందుకుంటారు. తెలుగు ఆరాధనలో పక్కన కూర్చోబెడితే కీర్తన రాక దిక్కులు చూస్తారు. పెద్దవాళ్ల మనసు చివుక్కుమంటుంది. "మన పిల్లలకు భక్తి లేకుండా పోయింది" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. తెలుగు అక్షరాలు రావని తేలిందంతే. భక్తి సంగతి ఆ పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఎవరడిగారు?

తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు అతని విశ్వాసానికి మూలం చెబుతూ అవ్వ లోయి, తల్లి యునీకే పేర్లు రాశాడు. వాళ్లది లుస్త్ర ప్రాంతం. తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు. రెండు జాతుల మధ్య నలిగిన ఇల్లు అది. అయినా ఆ ఇంట్లో పసితనంలో నేర్చుకున్న లేఖనాలే, తర్వాత ఎఫెసులో గ్రీకు మాట్లాడే సంఘాన్ని నడిపే రోజున తిమోతికి అక్కరకొచ్చాయి.

నెహెమ్యా మాత్రం యూదుల పిల్లలు అష్డోదు భాష మాట్లాడుతున్నారని మండిపడ్డాడు. ఆ కోపాన్ని నేను తీసిపారెయ్యను. తమ భాష పోతే లేఖనమే చేజారిపోయే కాలమది. కానీ మన మనవడి చేతిలో హిందీ బైబిలు ఉంది. 1868లో ఆస్కార్ లోర్ బిస్రాంపూర్‌లో మిషను పెట్టిన నాటి నుంచి ఛత్తీస్‌గఢ్‌లో తరతరాలుగా హిందీలో ప్రార్థించే కుటుంబాలున్నాయి. మనం కళ్లు మూసుకుని పాడుకునే కీర్తనలు ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బెంగాలీ మూలాలున్న ఇంట పుట్టినవాడు. ఆయన తెలుగులో పాడితే దేవుడు విన్నాడని నమ్మే మనం, మనవడు హిందీలో పాడితే నొచ్చుకోవడం న్యాయమేనా?

కోడళ్ల విషయమూ అంతే. ఛత్తీస్‌గఢీ ఇంటి నుంచో ఒడియా ఇంటి నుంచో వచ్చిన అమ్మాయికి మన కీర్తనలు రావని వంటింట్లో గొణుక్కునే అత్తలు రూతు గ్రంథం మళ్లీ చదవాలి. మోయాబు పిల్ల రూతును బేత్లెహేము ఆడవాళ్లు ఏడుగురు కొడుకుల కంటే మిన్న అని మెచ్చుకున్నారు. అత్త నయోమి ఒళ్లో పెట్టుకుని పెంచిన ఆ కోడలి బిడ్డే దావీదుకు తాత.

నా భయం వేరే. భాష నిలిచినా భక్తి నిలవకపోవచ్చు. ఏలీ యాజకుడు. కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు మందిరంలోనే ఉన్నారు, మందిరంలోనే చెడిపోయారు. తెలిసి తెలిసి వాళ్లను అడ్డుకోలేదన్నదే ఏలీ మీద దేవుడు మోపిన నేరం. ఆ ఏలీ దగ్గర పెరిగిన సమూయేలు కొడుకులూ లంచాలు మరిగారు. వాళ్ల భాష మారలేదు, ఆచారమూ మారలేదు. దేవుని మాటలు ఇంట్లోనూ దారిలోనూ, పొద్దునా రాత్రీ పిల్లలతో మాట్లాడుతూ ఉండాలన్నది ద్వితీయోపదేశకాండం. మన ఇళ్లలో నాన్నకు షిఫ్టు డ్యూటీ, పిల్లలకు కోచింగు. రాత్రి అందరూ ఇల్లు చేరాక ఎవరి ఫోను వాళ్లది. కుటుంబ ప్రార్థన ఎప్పుడు ఆగిపోయిందో కూడా గుర్తుండదు. ఆ లోటును ఆదివారం ఆరాధన ఒక్కటే పూడ్చలేదు.

ఈ వారం ఒక్క రాత్రయినా అందరూ కలిసి కూర్చోండి. ఒక అధ్యాయం మామ్మ తెలుగులో చదవాలి, అదే అధ్యాయం మనవడు హిందీలో చదవాలి, కోడలు తనకొచ్చిన భాషలో ప్రార్థన చెయ్యాలి. ఆ తర్వాత పిల్లల చేత ఒక్క మాట అడిగించండి: "ఈ ఊళ్లో మనకు ఎవరూ తెలియని రోజుల్లో దేవుడు నిన్నెలా ఆదుకున్నాడు మామ్మా?" దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లుండగానే అడగండి.