ఏ దీవికి వెళ్ళమంటారు, డాక్టరు గారూ?

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద వున్నది. పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యడం లేదు. ఉత్తరాన్ని కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా వారికి 58 ఏళ్ళు, నాకు 53. వచ్చే ఫిబ్రవరికి మా పెళ్ళయి 30 ఏళ్ళు. ఇన్నేళ్ళలో తిరుపతి, శ్రీశైలం, అమ్మాయి పురుటికి బెంగుళూరు తప్ప ఇద్దరం కలిసి ఎక్కడికీ వెళ్ళి ఎరుగం. ఈసారి ఏదైనా దీవికి వెళ్ళి రండి, ఖర్చు మాది అని అమ్మాయీ, అల్లుడూ పట్టుబడుతున్నారు. మా వారు మాల్దీవులు అంటారు. నీళ్ళ మీద కట్టిన ఇంట్లో పడుకోవాలట. మా తమ్ముడు లక్షద్వీప్ అంటాడు. అల్లుడు మారిషస్ అంటాడు. నాకేమో అండమాన్ చూడాలని చిన్నప్పటి నుంచీ కోరిక. మా వారికి పదేళ్ళుగా షుగరు. ఇన్సులిన్ వేసుకుంటారు. రెండేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేశారు. నాకు మోకాళ్ళ నొప్పులు తప్ప వేరే జబ్బు లేదు. ఈమధ్య ఆయన డాబా మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోతున్నారు. గ్యాస్ అంటారు. కాసేపు కూర్చుని సోడా తాగితే తగ్గిపోతున్నది. డాక్టరుకు చెబితే ప్రయాణం మానమంటాడని నన్ను చెప్పనివ్వడం లేదు. ఏ దీవి అయితే మాకు మంచిదో మీరు చెప్పండి."

అమ్మా, మీరు అడిగిన ప్రశ్న ఉత్తరం చివరి వాక్యంలో వున్నది. నేను ముందుగా జవాబు చెప్పవలసింది మాత్రం దానికి పైన వున్న నాలుగు వాక్యాలకు.

తగ్గించింది సోడా కాదు

మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే పోయే ఆయాసాన్ని, ఛాతీలో బరువును గ్యాస్ అనుకోకూడదు. గుండెకు రక్తం తెచ్చే నాళం సన్నబడితే, పని పెరిగినప్పుడు చాలినంత రక్తం అందదు. విశ్రాంతి తీసుకోగానే గుండెకు పని తగ్గుతుంది, ఇబ్బంది పోతుంది. మీ వారికి తగ్గించింది సోడా కాదు, కూర్చోవడం. షుగరు వున్నవారిలో నరాలు మొద్దుబారి గుండెనొప్పి నొప్పిగా తెలియకపోవచ్చు. ఆయాసంగా, చెమటగా, కడుపుబ్బరంగా మాత్రమే కనిపించవచ్చు. స్టెంటు వేసిన చోటే మళ్ళీ సన్నబడవచ్చు. వేరే నాళంలో కొత్తగా అడ్డంకి రావచ్చు.

కాబట్టి టిక్కెట్లు కొనకముందే, ఈ వారంలోనే ఆయన్ను గుండె డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. స్టెంటు వేసినప్పటి కాగితాలు కూడా పట్టుకెళ్ళండి. ఇ.సి.జి., ఎకో తీస్తారు. తరవాత ఏ పరీక్ష కావాలో ఆయనే చెబుతారు. ఈలోపల కూర్చుని వుండగా ఇదే బాధ వచ్చినా, చెమటలు పట్టి 15 నిముషాలలో తగ్గకపోయినా అపాయింటుమెంటు కోసం చూడవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళండి.

డాక్టరు ప్రయాణం మానమంటాడేమోనన్న భయం మీ వారొక్కరిదే కాదు. నా దగ్గరకు వచ్చేవారిలో సగం మంది పెళ్ళిళ్ళూ, యాత్రలూ అయ్యాకే జబ్బు సంగతి చెబుతారు. నిజానికి మాత్రలు మార్చి, అవసరమైతే ఇంకో స్టెంటు వేసి, కొన్ని వారాల తరవాత నిక్షేపంగా వెళ్ళిరమ్మన్న సందర్భాలే ఎక్కువ. మహా అయితే మీ ఫిబ్రవరి ప్రయాణం మార్చికో, ఏప్రిల్‌కో జరుగుతుంది. ముప్పై ఏళ్ళు ఆగినవారికి ముప్పై రోజులు లెక్కా?

దీవిని కొలిచే కొలబద్ద

ఇక దీవి సంగతి. అందరూ దీవిని నీళ్ళ రంగును బట్టి ఎంచుకుంటారు. నేను ఒకే ఒక ప్రశ్నను బట్టి ఎంచుకోమంటాను. రాత్రి 2 గంటలకు మీ వారికి ఛాతీలో నొప్పి వస్తే, పడుకున్న మంచం నుంచి గుండెవైద్యం చెయ్యగల ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరగలరు? గుండెపోటులో నాళం మూసుకున్న క్షణం నుంచీ కండరం చచ్చిపోతూనే వుంటుంది. మొదటి రెండు మూడు గంటల్లో నాళం తెరిస్తే దక్కేదానికీ, పది గంటలకు తెరిస్తే దక్కేదానికీ ఎంతో తేడా. దీవిలో ఆ సమయాన్ని రోడ్డు నిర్ణయించదు. పడవ, గాలి, వెలుతురు నిర్ణయిస్తాయి.

రెండో సూత్రం. దంపతుల్లో ఎవరి ఆరోగ్యం తక్కువో వారిని బట్టి దీవిని ఎంచుకోవాలి, ఎవరి ఉత్సాహం ఎక్కువో వారిని బట్టి కాదు.

ఇప్పుడు మీ నాలుగు దీవులనూ ఈ కొలబద్దతో చూద్దాం.

లక్షద్వీప్: మనుషులు నివసించే దీవులు 10 మాత్రమే. కొచ్చి నుంచి అగత్తికి విమానం గంటన్నర. ఓడలో అయితే దీవిని బట్టి 14 గంటలు, ఆపైన. ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. ఆస్పత్రులు వున్నాయి గాని, జబ్బు ముదిరితే హెలికాప్టరులో కొచ్చికి తరలించవలసి వస్తుంది. ఆరోగ్యవంతులకు మంచి చోటు. మీ వారికి ఈ ఏడాదికి వద్దు.

మాల్దీవులు: దాదాపు 1200 చిన్న దీవులు. విహారగృహాలలో చాలావాటికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క దీవి. దూరపు దీవులకు నీటి మీద వాలే చిన్న విమానంలో తీసుకువెళతారు. అవి పగలు మాత్రమే ఎగురుతాయి. పొద్దుగుంకితే పడవే దిక్కు. మీ వారు నీళ్ళ మీది ఇల్లే కావాలంటే మాలె విమానాశ్రయానికి పడవలో అరగంట లోపు వున్న దీవిని ఎంచుకోండి. మాలెలో మన దేశ సహాయంతో కట్టి 1995లో తెరిచిన ఇందిరాగాంధీ స్మారక ఆస్పత్రి వున్నది. స్పీడు పడవ కెరటాల మీద ఎగిరెగిరి పడుతుంది. నడుము నొప్పివారూ, గర్భిణులూ వెనక సీట్లలో కూర్చోవాలి.

అండమాన్: పోర్టుబ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. చెన్నై నుంచి విమానంలో 2 గంటల పైచిలుకు. అక్కడ గోవింద వల్లభ పంత్ ఆస్పత్రి వున్నది. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే చెన్నైకో, కోల్‌కతాకో పంపవలసి రావచ్చు. సెల్యులర్ జైలు వూళ్ళోనే వున్నది. హేవలాక్ అని పిలిచిన దీవిని 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. అక్కడికి పడవలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. గాలి లేస్తే పడవలు రద్దవుతాయి. తెలుగువారు అక్కడ తరాలుగా స్థిరపడి వున్నారు. జబ్బు చేసినప్పుడు మన భాషలో చెప్పుకోగలగడం కూడా చిన్న విషయం కాదు. గడియారం మార్చనక్కర లేదు, ఇన్సులిన్ వేళలు మారవు. డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం బాగుంటుంది.

మారిషస్: ముంబయి నుంచి విమానంలో 6 గంటల పైన. కాని దిగాక పడవతో పనిలేదు. ఎక్కడ బస చేసినా ఆస్పత్రికి రోడ్డు వున్నది, గుండెవైద్యమూ ద్వీపంలోనే దొరుకుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళిన మనవాళ్ళ వారసులు ఇప్పటికీ ఉగాది చేసుకుంటారు. ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు. కాని ఫిబ్రవరి అక్కడ తుఫానుల కాలం. మే నుంచి నవంబరు లోపు వెళ్ళడం మేలు.

ఇక నా సలహా. డాక్టరు సరేనన్నాక ఫిబ్రవరిలో అయితే అండమాన్. రాత్రులు శ్రీ విజయపురంలోనే బస చెయ్యండి. వాతావరణం బాగుంటే ఒక రోజు స్వరాజ్ ద్వీప్ చూసి సాయంత్రం పడవకు తిరిగి రండి. ప్రయాణం వేసవి తరవాతకు వాయిదా పడితే అల్లుడి గారి మాట ప్రకారం మారిషస్.

చేతిసంచిలో ఏముండాలి

నేనెరిగిన ఒక పెద్దమనిషి ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టి విమానంలోకి వేశారు. ఆయన చేరారు గాని పెట్టె మూడోరోజుకు చేరింది. ఈలోపు షుగరు 400 దాటింది. ఇన్సులిన్, గుండె మాత్రలు, గ్లూకోమీటరు ఎప్పుడూ చేతిసంచిలోనే వుండాలి. సామాన్లు వేసేచోట చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం కూడా వున్నది. రోజులకు సరిపోయిన దానికి రెట్టింపు మందులు, డాక్టరు చీటీ, పాత ఇ.సి.జి. నకలు పెట్టుకోండి. వాడుతున్న ఇన్సులిన్ సీసా నీడపట్టున 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు వుంటుంది. ఎండలో నిలిపిన కారులోనూ, ఇసుక మీద సంచిలోనూ వుండదు.

పడవ ఎక్కేరోజు ఇంకో చిక్కు. ఇన్సులిన్ వేసుకుని, తిన్నది వాంతి అయితే షుగరు పడిపోతుంది. ఆ ఉదయం మోతాదు ఎంతో ముందే మీ డాక్టరును అడగండి. గ్లూకోజు పొడి మీ కొంగునే వుంచుకోండి. పడవలో మధ్యభాగాన కూర్చుంటే కుదుపు తక్కువ.

నీళ్ళు, ఇసుక, దోమ

సముద్రంలో మునిగినప్పుడు కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు చేరి గుండె మీద బరువు పెరుగుతుంది. అందుకని ముఖానికి గొట్టం తగిలించుకుని ఈదడం కూడా మీ వారికి డాక్టరు అనుమతి లేకుండా వద్దు. సిలిండరు కట్టుకుని లోతుకు దిగే మాట అసలే వద్దు. ఆరోగ్యవంతులు దిగినా, తరవాత 18 నుంచి 24 గంటల దాకా విమానం ఎక్కకూడదు. అద్దాల అడుగున్న పడవలో కూర్చుని పగడాలు చూస్తే మీ మోకాళ్ళకూ హాయి.

షుగరు కాళ్ళకు స్పర్శ తక్కువ. వేడి ఇసుక, పగడపు ముక్క తెలియకుండా గాయం చేస్తాయి. మెత్తని బూట్లు లేకుండా ఒక్క అడుగూ వెయ్యనివ్వకండి. రాత్రి పడుకునేముందు ఆయన అరికాళ్ళు మీరు దీపం వెలుగులో చూడండి.

శ్రీలంక, మాల్దీవులు మలేరియాను తుడిచిపెట్టాయి. డెంగీని మాత్రం ఏ దీవీ తుడిచిపెట్టలేదు. 2005-06లో మన జిల్లాలలో జనాన్ని మంచం పట్టించిన చికున్ గున్యా, అదే కాలంలో మారిషస్‌నూ వూపేసింది. 2025లో మళ్ళీ అక్కడ కనిపించింది. ఈ దోమ పగలే కుడుతుంది. పూర్తి చేతుల బట్టలు వేసుకోండి, దోమల మందు పూసుకోండి. జ్వరం వస్తే పారాసిటమాల్ మాత్రమే వాడి డాక్టరుకు చూపించుకోండి. అమ్మా, మీరు మోకాళ్ళకు వాడే నొప్పి బిళ్ళలు జ్వరంలో మింగవద్దు. డెంగీ అయితే రక్తస్రావం కావచ్చు. మీ వారు స్టెంటు కోసం వాడే ఆస్పిరిన్ వంటివి మాత్రం సొంతంగా ఆపరాదు. డాక్టరు చెప్పాలి.

మొహమాటం లేకుండా ఒక మాట

దంపతుల విహారం కనుక ఇది చెప్పక తప్పదు. కొందరు మగవారు ఇటువంటి ప్రయాణాలకు ముందు మందుల షాపులో గుట్టుగా సిల్డెనాఫిల్, తడలాఫిల్ బిళ్ళలు కొంటారు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి మందులతో ఇవి కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. గుండె డాక్టరును సూటిగా అడగండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. రెండు అంతస్తుల మెట్లు ఇబ్బంది లేకుండా ఎక్కగలిగిన మనిషికి దాంపత్యం వల్ల గుండెకు వచ్చే ప్రమాదం సాధారణంగా తక్కువే. మీ వారు ముందు ఆ మెట్లు ఎక్కగలగాలి.

కొత్త దంపతులకు

బాలి వెళుతున్నామని రాసే కొత్త జంటలకు రెండే మాటలు. నెల తప్పివుంటే దోమ జ్వరాలున్న దీవికి వెళ్ళేముందు స్త్రీల వైద్యురాలిని అడగండి. జికా జ్వరం కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. రెండు, 2008 నుంచి బాలిలో కుక్కకాటు జబ్బు వున్నది. గుళ్ళలో కోతులతో ఫొటోలు వద్దు. కుక్క గాని, కోతి గాని కరిచినా, గీరినా 15 నిముషాలు సబ్బునీళ్ళతో కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టండి. ఇంటికొచ్చాక చూద్దామనుకోవద్దు.

చివరగా, అమ్మా, ఈ నాలుగు మాటలు మీ వారికి చదివి వినిపించండి.

అయ్యా, ముప్పై ఏళ్ళ తరవాత మీ శ్రీమతిని సముద్రం చూపించాలనుకున్నారు. చాలా మంచి ఆలోచన. దాన్ని మానమని చెప్పడానికి ఏ డాక్టరూ కాచుకుని కూర్చోలేదు. మీరు దాచిన సంగతి ఆమెను రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదు. అందుకే నాకు ఉత్తరం రాశారు. దీవి ఎక్కడికీ పోదు. ముందు డాబా మెట్ల సంగతి తేల్చుకోండి. ఆ తరవాత అండమాన్ నుంచి ఒక కార్డు ముక్క రాయండి.