పులిని చూడబోయే చుట్టాలకు

వేసవి సెలవులు వచ్చాయంటే చంద్రపూరులోని మన ఇండ్లకు చుట్టాలు దిగుతారు. మహాకాళి దర్శనం కాగానే వారి రెండవ కోరిక తాడోబా పులి. ముచ్చటైన కోరికే. కాని దారిని గురించి ఒక్కమాట.

మొహర్లీ ద్వారానికి పోయే రోడ్డు పల్లెల నడుమనుండి సాగుతుంది. తెల్లవారకముందే ద్వారం చేరాలని మన కార్లు పరుగులు తీస్తాయి. సరిగ్గా ఆ వేళకే ఆడవారు బుట్టలతో ఇప్పపూలు ఏరుకొనడానికి బయలుదేరుతారు. అడవిలో పులి భయం చాలదా, రోడ్డుమీద మన భయం కూడానా?

తాడోబా 1955లో జాతీయవనమైంది. పులికి చోటిచ్చి నవేగావ్ వంటి ఊళ్ళు తరలిపోయాయి. అడవి అంచున మిగిలినవారు పశువులను, ఒక్కొక్కప్పుడు మనుషులనే పోగొట్టుకుంటున్నారు. తాడోబా అన్న పేరు కూడా వారిదే. పులితో పోరాడి మరణించాడని చెప్పుకొనే గోండు పెద్ద తారు చెరువుగట్టున నేటికీ పూజలందుకుంటున్నాడు.

సందర్శకులవల్ల ఆ పల్లెల యువకులకు గైడు పని, జీపు నడిపే పని దొరికిన మాట నిజమే. అయితే జీతం అందేది కొందరికి, దుమ్ము అందేది అందరికీ. కోపం పుట్టేది అక్కడే.

కనుక అరగంట ముందు బయలుదేరండి. ఊరు రాగానే వేగం తగ్గించండి, హారను మోగించకండి. తిరుగుదారిలో పల్లె దుకాణంలోనే టీ త్రాగండి. పులి కనబడడం మన అదృష్టం. మర్యాదగా నడుచుకోవడం మన చేతిలోనిదే.