పైన ఉపగ్రహం – కింద మన చేను

మిరుగం వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే ముచ్చట: "గింజ వేద్దామా, ఆగుదామా?" బాపు మబ్బు దిక్కు చూస్తడు, అమ్మ కొని తెచ్చిన విత్తనాల దిక్కు చూస్తది. ఒక ఏడు తొలివానకే పత్తి వేసినం. తర్వాత పదిహేను రోజులు చుక్క రాలలేదు. మొలకలన్నీ మాడినయి. మళ్లీ అప్పు, మళ్లీ విత్తనం. ఈ నల్లరేగడి జిల్లాలో ఇది ఒక్క ఇంటి కథ కాదు.

ఉపగ్రహాల పాఠం చదివినప్పుడల్లా నాకు ఆ చేనే యాదికొస్తది. 1983లో వెళ్లిన ఇన్‌శాట్-1బి మొదలు 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుండి ఎగసిన ఇన్‌శాట్-3డిఎస్ వరకు, 36,000 కిలోమీటర్ల ఎత్తు నుండి మన మబ్బులను కాపలా కాసిన ఉపగ్రహాలు ఎన్నో. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. నేడు తుపాను పుట్టిన నాటి నుండే దాని నడక తెలుస్తున్నది. ఇది నిస్సందేహంగా విజ్ఞానం సాధించిన విజయమే.

"ధ్రువాల మంచుతో ఆదిలాబాద్‌కు ఏం పని?" అని ఒక మిత్రుడు అడిగినాడు. పని ఉన్నది. భూమధ్యరేఖ దగ్గరి వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడాయే ప్రపంచపు గాలులను నడిపిస్తుంది. ఒక మూల లెక్క తప్పితే కొన్ని రోజుల తర్వాతి అంచనా మరో మూల తప్పుతుంది. భూమధ్యరేఖ మీద నిలిచిన ఉపగ్రహానికి ధ్రువాలు సరిగా కనబడవు. అందుకే సుమారు 800 కిలోమీటర్ల ఎత్తులో, ధ్రువాల మీదుగా, రోజుకు పద్నాలుగు చుట్లు తిరిగే ఉపగ్రహాలు కావాలి. చీకట్లోనూ మబ్బులోనూ మంచును కొలిచే సూక్ష్మతరంగ పరికరాలు 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ సముద్రపు మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయిందని చూపినవి. అంటార్కిటికాలోని మన భారతి స్థావరం ఉపగ్రహ సమాచారాన్ని అందుకొని షాద్‌నగర్‌కు పంపుతున్నది. దక్షిణ ధ్రువ ఖండం నుండి షాద్‌నగర్ దాకా వచ్చిన కబురు మా ఊరికి రావడానికి ఎందుకింత ఆలస్యం?

నా వాదన ఇదే: లోపం ఆకాశంలో లేదు, నేల మీద ఉన్నది. రైతుకు మండలాల వారీగా సలహా చెప్పడానికి దేశంలో 199 జిల్లాల్లో పెట్టిన వ్యవసాయ వాతావరణ విభాగాలను 2024లో మూసివేసినారు. కోట్లు పెట్టి ఉపగ్రహం పంపి, కబురు మోసే మనిషిని తీసేయడం ఏం పొదుపు? 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు గేట్ల శక్తికి మించిన వరద వచ్చినప్పుడు దిగువ ఊళ్ల జనం ఇండ్లు విడవాల్సి వచ్చింది. అట్లాంటి రాత్రి ఒక గంట ముందు అందిన మాట విలువ ఎంతో వాళ్లనడగండి.

అంచనాలు తప్పుతయి అంటారు. నిజమే. ఉపగ్రహం మబ్బును పైనుండి చూస్తుంది. నేల మీద పడ్డ చినుకును కొలవవలసింది మనమే. కనుక మిత్రులారా, మన కళాశాల ఆవరణలో ఒక వర్షమాపకం పెడదాం. రోజూ వాతావరణ శాఖ అంచనాను బోర్డు మీద రాద్దాం. ఊరికి పోయే ప్రతి విద్యార్థి దాన్ని తెలుగులో, గోండిలో, మరాఠీలో తన వాళ్లకు చెప్పాలి. అధ్యాపకులు దారి చూపాలి. మూసిన విభాగాలను తెరవమని పూర్వ విద్యార్థులు మాతో గొంతు కలపాలి.

వచ్చే మిరుగం నాటికి మా బాపు మబ్బుతో పాటు మన బోర్డు దిక్కు కూడా చూడాలని నా ఆశ.