చాపయు చాపమును

మాటను విని వ్రాయు కంప్యూటర్లు నేడు వచ్చినవి. వ్రాతను చదివి పలుకునవియు వచ్చినవి. వానిని సిద్ధపరచు ఇంజనీర్లు అక్షరములు నేర్చిన చాలునని తలచుట పొరపాటు. కూర్చుండు చాపలోని చకారము దంత్యము. నాలుక కొన పండ్ల దాపున తాకును. వింటికి పేరైన చాపములోనిది తాలవ్యము. నాలుక అంగిలి నంటును. లిపి మాత్రమొకటే. అచ్చతెలుగు మాటలలో ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చజలు తాలవ్యములు, తక్కినవి తరచుగ దంత్యములు. సంస్కృతమునుండి వచ్చిన మాటలలో తాలవ్యములే. కనుక పదము పుట్టుక తెలియక యంత్రము సరిగ పలుకజాలదు. బ్రౌను నిఘంటువున దంత్యములకు వేరు గుర్తులున్నవి. 2008లో యూనికోడు ౘ, ౙ లను చేర్చుకొన్నది. వానిని వాడువారరుదు. నేనును వాడను.

ఇక మన బళ్లారి సీమ సంగతి. కన్నడమున దంత్యచకారము లేదు. కన్నడముతో పెరిగిన మన పిల్లలు కొందరు చాపను తాలవ్యముగనే పలుకుదురు. ఇంట అవ్వ దిద్దవచ్చును. యంత్రము దిద్దరాదు, వినవలెను. విజయవాడ గొంతులే విని నేర్చిన యంత్రము మన పిల్లవాని మాటను మరియొకటిగ వ్రాసినచో తప్పు పిల్లవానిది కాదు. గొంతులు సేకరించువారు మన యూళ్లకును రావలెను. వచ్చునపుడు ధ్వనిశాస్త్ర మెరిగిన వానినొకని వెంట తేవలెను.