మాట తప్పిన చోటే యుద్ధం

వియత్నాం గెలిచిందని అందరికీ తెలుసు. ఎన్నిసార్లు మోసపోయిన తర్వాత గెలిచిందో తెలిసినవాళ్లు తక్కువ.

మన ఊళ్లలో, యూనివర్సిటీ హాస్టళ్లలో ఎదిగిన ఉద్యమ తరానికి వియత్నాం అంటే ఒక బొమ్మ. కింద సైకిల్ మీద బియ్యం బస్తాలు వేసుకుని కొండలెక్కుతున్న బక్కరైతు, పైన బి-52 విమానం. చివరికి గెలిచేది రైతు. ఆ బొమ్మ అబద్ధం కాదు. కానీ గెలుపు బొమ్మ ఒక్కటే గోడకు తగిలించుకుంటే పాఠం సగమే దక్కుతుంది. 1945 నుంచి 1989 దాకా ఆ ప్రజలు ఫ్రాన్సుతో, అమెరికాతో, కంబోడియాతో, చైనాతో యుద్ధాల్లోనే బతికారు. వీటిలో పెద్దవైన మొదటి రెండు యుద్ధాలు ఎక్కడ పుట్టాయని వెతుక్కుంటూ పోతే మనకు ముందుగా కనిపించేది తుపాకి కాదు, కాగితం. పెద్దమనుషులు కూర్చుని రాసుకుని, అవసరం తీరగానే తుంగలో తొక్కిన కాగితం.

1945 సెప్టెంబర్ 2న హనోయిలో హోచిమిన్ స్వాతంత్ర్యం ప్రకటించేనాటికి ఆ దేశం కరువు నుంచి ఇంకా తేరుకోలేదు. జపాన్ సైన్యం, ఫ్రెంచ్ పాలకులు కలిసి ధాన్యం ఊడ్చుకుపోగా ఉత్తరాన లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. అయినా వలస ప్రభువులకు కనికరం లేదు. జపాన్ సైనికుల ఆయుధాలు దించే పేరుతో బ్రిటిష్ జనరల్ గ్రేసీ సైగాన్‌లో దిగాడు. అతని వెంట వచ్చింది 20వ భారత డివిజన్. అంటే మన జవాన్లే. తామే బానిస దేశం నుంచి వచ్చినవాళ్లను ఇంకో బానిస దేశాన్ని మళ్లీ ఫ్రాన్సు చేతిలో పెట్టే పనికి వాడుకున్నారు. చాలక, ఓడిపోయిన జపాన్ సైనికుల చేతుల్లోనే మళ్లీ తుపాకులు పెట్టి వియత్నాం ప్రజల మీదికి పంపారు. భారత సైనికులను ఇట్లా వాడుకోవడాన్ని నెహ్రూ బాహాటంగా ఖండించాడు.

మొదటి కాగితం 1946 మార్చి 6 నాటిది. వియత్నాం తన సొంత ప్రభుత్వం, సొంత పార్లమెంటు, సొంత సైన్యం ఉన్న స్వేచ్ఛారాజ్యమని, ఫ్రెంచ్ యూనియన్‌లో భాగంగా ఉంటుందని ఫ్రాన్సు ఒప్పుకుంది. దక్షిణాన ఉన్న కొచిన్‌చైనా మిగతా దేశంలో కలవాలా వద్దా అన్నది ప్రజలే ఓటు వేసి తేల్చుకుంటారని రాసుకున్నారు. బదులుగా ఫ్రెంచ్ సైన్యం ఉత్తరాదికి రావడానికి హోచిమిన్ ఒప్పుకున్నాడు. సొంతవాళ్లే తిట్టినా ఒప్పుకున్నాడు. మూడు నెలలు తిరగలేదు. చర్చల కోసం ఆయన పారిస్ దారిలో ఉండగానే, జూన్ 1న ఫ్రెంచ్ హైకమిషనర్ దార్జాన్లియు కొచిన్‌చైనాను వేరే రిపబ్లిక్‌గా ప్రకటించేశాడు. ఓటూ లేదు, అడిగిందీ లేదు. నవంబర్‌లో హైఫాంగ్ రేవు మీద ఫ్రెంచ్ ఫిరంగులు గర్జించాయి. డిసెంబర్ 19 రాత్రి హనోయిలో యుద్ధం మొదలయింది. అది ఎనిమిదేళ్లు నడిచింది.

ఆ ఎనిమిదేళ్లకు ముగింపు డియెన్ బియెన్ ఫు. 1953 నవంబర్ 20న ఆపరేషన్ కాస్టర్ పేరుతో ఫ్రెంచ్ పారాట్రూపర్లు ఆ లోయలో దిగి కోట కట్టుకున్నారు. చుట్టూ ఉన్న కొండల మీదికి ఫిరంగులు ఎక్కించడం ఎవరి తరమూ కాదని వాళ్ల లెక్క. ఒకప్పుడు చరిత్ర పాఠాలు చెప్పిన పంతులు వో గుయెన్ జియాప్ ఆ లెక్క తప్పని తేల్చాడు. విప్పిన ఫిరంగుల్ని మనుషులే తాళ్లతో లాగి ఎక్కించారు. వేలాది మంది రైతులు, ఆడవాళ్లతో సహా, సైకిళ్ల మీద, భుజాల మీద తిండిగింజలు చేరవేశారు. 56 రోజుల ముట్టడి తర్వాత, 1954 మే 7న కోట కూలింది. పది వేల మందికి పైగా బందీలయ్యారు. ఆ మర్నాడే జెనీవాలో ఇండోచైనా మీద చర్చలు మొదలయ్యాయి.

రెండో కాగితం అక్కడ పుట్టింది. రణరంగంలో గెలిచినవాళ్లు బల్ల దగ్గర సగమే తెచ్చుకున్నారు. ఇంతకన్నా ఎక్కువ అడగొద్దని ఒత్తిడి చేసింది శత్రువులు కాదు, దోస్తులైన మాస్కో, బీజింగ్‌లు. 17వ అక్షాంశం దగ్గర గీత గీశారు. అది తాత్కాలికమనీ, సరిహద్దుగా ఎంచరాదనీ జెనీవా తుది ప్రకటనలో స్పష్టంగా ఉంది. 1956 జూలైలో దేశమంతటా ఎన్నికలు జరగాలనీ ఉంది. కానీ ఆ తుది ప్రకటన మీద ఎవరి సంతకమూ లేదు! నోటిమాటతో ఒప్పుకుని లేచిపోయారు. అమెరికా గమనించామని మాత్రం చెప్పి పక్కకు జరిగింది. సైగాన్ ప్రభుత్వం ఒప్పుకోనే లేదు.

అమెరికా అండతో సైగాన్ గద్దెనెక్కిన ఎన్గో దిన్ దియెమ్ 1955 అక్టోబర్‌లో రెఫరెండం జరిపించి 98 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. సైగాన్ నగరంలో ఓటర్ల కంటే పోలైన ఓట్లే ఎక్కువ. దొంగ ఓట్ల సంగతి మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ మనిషే, ఉత్తరాన స్వేచ్ఛగా ఓటు సాగదు కాబట్టి దేశవ్యాప్త ఎన్నికలు జరపనన్నాడు. అసలు కారణం వేరు. యుద్ధం సాగుతున్న రోజుల్లో ఓటు పెడితే నూటికి 80 మంది హోచిమిన్‌కే వేసి ఉండేవారని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరే తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఓడిపోతామని తెలిసి ఓటును రద్దు చేసినవాళ్లు ప్రపంచానికి ప్రజాస్వామ్యం నేర్పుతామన్నారు.

ఇందులో మన దేశం పాత్రా ఉంది. జెనీవా ఒప్పందం అమలును చూడడానికి పెట్టిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత ఇండియాది. కెనడా, పోలండ్ మిగతా సభ్యులు. ఆ సంఘం రిపోర్టులు రాసింది. 1962లో ఉత్తరం ఆయుధాలు, మనుషుల్ని పంపుతున్నదనీ, దక్షిణంలో అమెరికా సైనిక సాయం నిబంధనలకు విరుద్ధమనీ రెండు తప్పులూ ఎత్తిచూపింది. కానీ చేతిలో కలమే తప్ప అధికారం లేని కాపలాదారు ఏం చేయగలడు? 1956 జూలై వచ్చింది, పోయింది. తాత్కాలిక గీత ఉక్కు గోడ అయింది. దియెమ్ 1959లో సైనిక కోర్టులు పెట్టి మరణశిక్షల చట్టం తెచ్చాడు. 1960 డిసెంబర్‌లో దక్షిణాన జాతీయ విమోచన ఫ్రంట్ పుట్టింది. ఓటు దారి మూసేసి, వీళ్లు తుపాకి ఎందుకు పట్టారని అడగడం పాలకులకు మాత్రమే చేతనైన విద్య.

ఆ తర్వాతి కథ లోకానికి తెలిసిందే. కానీ అదీ అబద్ధంతోనే మొదలయిందని మరవొద్దు. 1964 ఆగస్టు 4 రాత్రి టోంకిన్ గల్ఫ్‌లో తమ నౌకల మీద రెండోసారి దాడి జరిగిందని చెప్పి జాన్సన్ ప్రభుత్వం కాంగ్రెస్ నుంచి యుద్ధాధికారం పుచ్చుకుంది. దిగువ సభలో ఒక్కరూ కాదనలేదు. సెనేట్‌లో కాదన్నది ఇద్దరే. ఆ రెండో దాడి జరగనే లేదని 2005లో బయటపెట్టిన అమెరికా గూఢచారి సంస్థ పత్రాలే చెప్పాయి. 1965 మార్చిలో రోలింగ్ థండర్ బాంబు దాడులు మొదలై మూడున్నరేళ్లకు పైగా సాగాయి. 8 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిశాయి. 1969 నాటికి అమెరికా సైనికులు 5 లక్షల 40 వేలు దాటారు. రాంచ్ హ్యాండ్ పేరుతో 1962 నుంచి 1971 దాకా 7 కోట్ల లీటర్లకు పైగా విషపు మందు అడవుల మీద, పంటల మీద చల్లారు. ఎన్ని శవాలు పడ్డాయన్నదే వాళ్లకు విజయానికి కొలబద్ద. కొలబద్ద అదే అయినప్పుడు మీ లాయ్ ఎట్లా జరగకుండా ఉంటుంది? 1968 మార్చి 16న ఆ ఊళ్లో 504 మంది ముసలివాళ్లను, ఆడవాళ్లను, పసిపిల్లలను చంపేశారు. శిక్ష పడింది ఒకే ఒక్క లెఫ్టినెంట్‌కు. అతనూ గడిపింది మూడున్నరేళ్ల గృహ నిర్బంధమే.

పోరాడేవాళ్ల వైపు ఉన్నాం కాబట్టి కళ్లు మూసుకోలేం. అదే ఏడాది టెట్ దాడుల్లో హ్యూ నగరాన్ని పట్టుకున్న విమోచన సైన్యం, ఉత్తరాది సైన్యం అక్కడ నిరాయుధులైన పౌరులను చంపి గోతుల్లో పూడ్చాయి. న్యాయమైన పోరాటంలో జరిగినంత మాత్రాన అది న్యాయం కాదు.

మూడో కాగితం పారిస్‌ది. 1972 డిసెంబర్‌లో పన్నెండు రోజుల వ్యవధిలో, క్రిస్మస్ ఒక్కనాడు విరామమిచ్చి, హనోయి, హైఫాంగ్‌ల మీద బి-52లతో బాంబులు కురిపించి, 1973 జనవరి 27న సంతకాలు చేశారు. అమెరికా సైన్యం మార్చి 29కి వెళ్లిపోయింది. యుద్ధం మాత్రం పోలేదు. కాల్పుల విరమణను సైగానూ ఉల్లంఘించింది, హనోయీ ఉల్లంఘించింది. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి కిసింజర్‌కూ, లె దుక్ థోకూ ప్రకటిస్తే, శాంతి రానిదే బహుమతి ఎందుకని థో వద్దన్నాడు. యుద్ధంలో చితికిన దేశాన్ని నిలబెట్టడానికి సాయం చేస్తామని అమెరికా రాసిచ్చిన మాటా నీటిమూటే అయింది. సాయం బదులు దక్కింది 1994 దాకా సాగిన వాణిజ్య ఆంక్ష.

1975 ఏప్రిల్ 30న సైగాన్ కూలింది. ఇక్కడే ఉద్యమకారులు జాగ్రత్తగా చదవాల్సిన పుట ఉంది. పారిస్‌లో దక్షిణాది విప్లవ ప్రభుత్వం ఒక ప్రత్యేక పక్షంగా సంతకం చేసింది. అన్ని పక్షాలతో జాతీయ సామరస్య మండలి పెడతామని ఆ ఒప్పందంలో ఉంది. ఆ మండలి పనిచేయనే లేదు. 1976 జూలైలో దేశం ఏకమైంది, దక్షిణాది విప్లవ ప్రభుత్వం చరిత్రలో కలిసింది. ఏళ్లకేళ్లు అడవుల్లో, జైళ్లలో గడిపిన దక్షిణాది కార్యకర్తల్లో చాలామందిని ఉత్తరాది నాయకత్వం పక్కకు నెట్టింది. ఆ ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రిగా ఉన్న త్రువాంగ్ న్యు తాంగ్ అంతటివాడే 1978లో పడవెక్కి దేశం విడిచిపోయాడు. విచారణ లేకుండా వేలాది మందిని ‘పునర్విద్య’ శిబిరాల్లో పెట్టారు. ఇరవై ఏళ్లలో దాదాపు 8 లక్షల మంది పడవల్లో పరాయి తీరాలకు చేరారు. సముద్రంలో పోయినవాళ్లకు లెక్కలేదు. మోసపోయినవాళ్లు గద్దెనెక్కి తమవాళ్లకే మాట తప్పారు.

శాంతీ రాలేదు. పోల్‌పాట్ మూకలు సరిహద్దు దాటి వచ్చి ఊళ్లను నరికాయి. 1978 ఏప్రిల్‌లో ఒక్క బా చుక్ లోనే 3 వేల మందికి పైగా చచ్చిపోయారు. ఆ డిసెంబర్‌లో వియత్నాం సైన్యం కంబోడియాలోకి దూకి, 1979 జనవరి 7న నోంపెన్ పట్టుకుంది. ఒక నరమేధం ఆగింది. కానీ విడిపించడానికి వెళ్లిన సైన్యం పదేళ్లు అక్కడే ఉండిపోయింది. ఫిబ్రవరి 17న చైనా ‘గుణపాఠం’ చెబుతానని ఉత్తర సరిహద్దు మీద విరుచుకుపడింది. పెదవులూ పళ్లలాంటి బంధమని చెప్పుకున్న కమ్యూనిస్టు సోదరులే పళ్లు కొరుక్కున్నారు. నెల రోజుల్లో ఆ సైన్యం వెనక్కి మళ్లినా సరిహద్దు కాల్పులు ఏళ్ల తరబడి సాగాయి.

లెక్క చూద్దాం. అమెరికాతో జరిగిన యుద్ధంలోనే తమ వైపు 11 లక్షల మంది సైనికులు, రెండు వైపులా కలిపి 20 లక్షల మంది పౌరులు చనిపోయారని 1995లో హనోయి ప్రకటించింది. అమెరికా సైనికులు 58 వేల మందికి పైగా పోయారు. చావు ఇంకా ఆగలేదు. 1975 తర్వాత పేలని బాంబులు పేలి 40 వేల మంది పోయారని వియత్నాం ప్రభుత్వం చెబుతోంది. బియెన్ హోవా వైమానిక స్థావరంలో విషపు మట్టిని శుభ్రం చేసే పని, 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసినప్పుడు కొన్ని వారాలు ఆగిపోయింది. అర్ధ శతాబ్దం తర్వాత కూడా సంతకం ఒకరిది, విషం ఇంకొకరిది!

1956 అంటే మనకూ ఒక గాయం పేరే. ఫిబ్రవరి 20న పెద్దమనుషులు ఢిల్లీలో కూర్చుని రాసుకున్న ఒప్పందంలోని ఉప ముఖ్యమంత్రి పదవి మాట తొలి మంత్రివర్గం నాడే గాలికి పోయింది. మన మీద విమానాలు రాలేదు, బాంబులు పడలేదు. వాళ్ల దుఃఖాన్నీ మన బాధనూ ఒకే తక్కెట్లో తూచే సాహసం మేము చేయం. మనం తుపాకి లేకుండా, ధర్నాలతో, సమ్మెలతో, ఓటుతో 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. ఓటు దారి మూసుకుపోని చోట ఆ దారిలోనే గెలవొచ్చని మన అనుభవమే చెప్పింది. ఆత్మబలిదానం చేసిన బిడ్డలను తలచుకున్నప్పుడల్లా అదీ చవకగా రాలేదని తెలుస్తుంది.

కాబట్టి వియత్నాం నుంచి మనం నేర్చుకోవాల్సింది తుపాకి పట్టడం కాదు, కాగితం చదవడం. సంతకం ఎవరు పెట్టారు? ఎవరు పెట్టకుండా తప్పించుకున్నారు? గడువు ఏమిటి? మాట తప్పితే అడిగే అధికారం ఎవరిది? గెలిచిన నాడు, వీధుల్లో నిలబడ్డవాళ్లకు ఆ గెలుపులో కుర్చీ ఉందా? సంతకం పడ్డ రోజున జెండాలు మడిచి ఇంటికి పోయిన ప్రజలనే చరిత్ర మళ్లీ మళ్లీ మోసం చేసింది. సంతకం ఉద్యమానికి ముగింపు కాదు, కాపలా మొదలయ్యే రోజు. ఎదురుగా ఉన్నవాడు పరాయివాడైనా, మనవాడైనా ఆ కాపలా విడవొద్దు.