లండను పట్టము - గని కార్మికుని సొమ్ము

గోదావరిఖనిలో కార్మికుడు పదవీ విరమణ చేసి గ్రాట్యుటీ సొమ్ము చేతబట్టుకొని యింటికి రాకమునుపే విదేశవిద్యల మధ్యవర్తి గుమ్మము ముందు నిలుచుచున్నాడు. లండనులో ఒక్క యేడాది ఫైనాన్సు మాస్టర్సు, పిమ్మట ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకులో కొలువు! ఇందు మొదటి సగము నిజము. రెండవ సగము వలలో చల్లిన గింజ.

మేము ఆ వృత్తిని దూషించుట లేదు. అది వడ్డీ వ్యాపారమని ఈసడించు పెద్దలు సింగరేణి చరిత్రము నెరుగరు. 1886లో లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ వెలసి, మన నేలలోని ఖనిజములపై హక్కు అచ్చటి విపణిలో వాటాలుగా అమ్ముడుపోయెను. ఆ వ్యవహారము 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘపు విచారణకెక్కునంతటి అపకీర్తి పాలయ్యెను. 1889 మొదలు ఇల్లెందులో బొగ్గు త్రవ్వినది మనవారు. వెల కట్టినది పరులు. సింగరేణిలో అధిక వాటాలు నిజాము ప్రభుత్వము చేతికి వచ్చుట 1945లో గాని జరుగలేదు.

నేడు మాత్రమేమి? 2010లో కోల్ ఇండియా వాటాలమ్మి 15,000 కోట్ల రూపాయలకు పైగా కూర్చినపుడు ఆ తతంగము నడపినవారు ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకరులే. 2021 డిసెంబరులో కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణిఖని బ్లాకుల వేలమును ప్రతిఘటించి సింగరేణి కార్మికులు మూడు దినములు సమ్మె కట్టిరి. సమ్మె కట్టగలవారు మనలో వేలకొలది కలరు. ఆ వేలపు పత్రములు చదివి లెక్క యెచ్చట తప్పినదో చూపగలవా రెందరు? మన బిడ్డలు ఆ బల్లయొద్ద కూర్చుండవలసినదే.

అయితే ఏ ద్వారమున? ఆ బ్యాంకులవారు పట్టము పేరు కంటె కళాశాల పేరు ముందు చూతురు. అహమ్మదాబాదు, కలకత్తా, బెంగుళూరు ఐ.ఐ.ఎం.లకు తామే వచ్చి విద్యార్థుల నేరుకొందురు. అచ్చట రుసుము 20 లక్షలు మించునన్న మాట నిజమే. కాని ఆ పేరు చూచియే బ్యాంకులు తాకట్టు లేకుండ అప్పిచ్చుచున్నవి. చార్టర్డు అకౌంటెన్సీకి అందులో స్వల్పభాగము చాలును. ఆర్టికల్‌షిప్పు కాలమున కొంత భృతియు దొరకును. ఆ విద్యకు మన దేశపు బ్యాంకులలో గౌరవము కలదు. లండనులోనో, కొలువిచ్చువాడు వీసాకు పూచీపడనిదే చదువు ముగిసినవాడు ఎక్కువ కాలము నిలువజాలడు. మధ్యవర్తి ఈ మాట పెదవి దాటనీయడు. ఇల్లు తాకట్టు పెట్టిన కాగితములతో మా యొద్దకు వచ్చిన తండ్రులు కలరు. అప్పటికే సంతకమైపోయినది, న్యాయవాది చేయునదేమి?

హైదరాబాదులో గోల్డ్‌మన్ శాక్స్ 2021లో కార్యాలయము తెరచినదని మరియొక ఆశ చూపుచున్నారు. అట్టి కార్యాలయములలో అధికభాగము సాంకేతికము, లెక్కలు, నష్టభయముల పరిశీలన. గౌరవమైన కొలువులే. కంపెనీల క్రయవిక్రయములు కుదుర్చు పని మాత్రము వేరు. రెంటిని ఒక్కటిగా చూపి రుసుము గుంజుట వంచన.

తండ్రులారా, సంతకమునకు ముందు మధ్యవర్తిని ఒక్కటే యడుగుడు: నిరుడు మీరు పంపిన వారిలో ఎందరికి ఏ బ్యాంకులో ఏ కొలువు దొరకినది? వ్రాతమూలకముగా చూపుమనుడు. చూపడేని, ఆ గ్రాట్యుటీ సొమ్ము ఉన్నచోటనే యుండనిండు.