విరిగిన ముక్కను పారేయొద్దు

నల్లపాడు హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్‌కో ఇంజినీరింగ్‌కో వెళ్లిన తమ్ముళ్లకు చార్పీ పరీక్ష జరిగే తీరు తెలిసిందే. ఇరవై మంది చుట్టూ నిలబడతారు. అటెండర్ లోలకం సుత్తిని పైకెత్తి వదులుతాడు, గాటు పెట్టిన ఉక్కు ముక్క ఠప్పున విరుగుతుంది, సూది ఒక అంకె చూపిస్తుంది. ఆ ఒక్క అంకే ఇరవై రికార్డుల్లోకి ఎక్కుతుంది. ముక్కకు ఖర్చవుతుంది, విరిగాక పనికిరాదు అంటారు. ఆ పనికిరాదన్న మాటతోనే మా పేచీ.

ఉక్కు ఎంత బరువు మోస్తుందన్నది వేరు, హఠాత్తుగా తగిలే దెబ్బను ఎంత ఓర్చుకుంటుందన్నది వేరు. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ నౌక, రేవులో కట్టేసి ఉండగానే, చలికి పెళుసెక్కి నడిమికి విరిగింది. అందుకే మన ఐఎస్ 2062 ప్రమాణంలో బీ0 రకం ఉక్కును 0 డిగ్రీల దగ్గర, సీ రకాన్ని మైనస్ 20 దగ్గర కొట్టి చూస్తారు. ఏ రకానికి ఈ పరీక్షే అక్కర్లేదు. మిర్చి టిక్కీలతో యార్డుకు పోయే ట్రాక్టర్ల ట్రక్కులకు ఏ రకం వేశారో అడిగేవాళ్లు ఎందరు?

మామూలు చార్పీ ముక్క 10 మిల్లీమీటర్ల చదరం, 55 పొడవు, గాటు లోతు 2. విరిగితే సగం ముక్క 27 మిల్లీమీటర్ల పైచిలుకు. చిన్న ముక్క కొలత 3, 4, 27. అంటే సగం ముక్క నిలువునా సరిపోతుంది. వైర్‌కట్ మిషన్‌తో జాగ్రత్తగా కోస్తే ఒక్కో సగం నుంచి నాలుగు దాకా వస్తాయి. ఇది మా సొంత కల్పన కాదు. అణు రియాక్టర్లలో ఏళ్ల తరబడి ఉంచిన నమూనాలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి విరిగిన సగాలను ఇలా వాడుకునే దారి వెతికారు. ఏఎస్‌టీఎం ఈ2248 అనే ప్రమాణం ఈ చిన్న ముక్కల కోసమే ఉంది.

అయితే చిన్న ముక్క కాస్త పొగడ్తల మనిషి. మందం తగ్గేసరికి గాటు మొదట్లో ఉక్కు సులువుగా సాగుతుంది, అందువల్ల ఇంకా చల్లబడితేగానీ పెళుసుదనం బయటపెట్టదు. దాని అంకెను పెద్ద ముక్క అంకెగా రాస్తే మోసమే. పైగా అది మింగేది కొద్ది జౌళ్లే. 300 జౌళ్ల సుత్తి మీద సూది కదలిక తేడానే తెలియదు, చిన్న సుత్తి కావాలి. ఖర్చే, కాదనం. కానీ ల్యాబ్ గోడలకు రంగులు వేయించడానికి దొరికే డబ్బు దీనికి మాత్రం ఎందుకు దొరకదు?

మా ఇళ్లల్లో డిగ్రీ మొహం మొదట చూసింది మేమే. నాన్నకు వర్క్‌షాపు ఉన్న కుర్రాడు సెలవుల్లో నేర్చుకుంటాడు, మనకు ల్యాబ్ ఒక్కటే దిక్కు. హైదరాబాద్ డీఎంఆర్‌ఎల్ విక్రాంత్ నౌక కోసం డీఎంఆర్ 249ఏ ఉక్కును రూపొందించింది, 2022లో ఆ నౌక నౌకాదళంలో చేరింది. అలాంటి చోటికి ఇంటర్వ్యూకి వెళితే రికార్డులోని అంకె కాదు, నువ్వు చేత్తో ఎన్ని విరిచావని అడుగుతారు.

ఈసారి ల్యాబ్‌లో ఆ రెండు సగాలూ అడిగి తీసుకోండి. ఏ ప్లేటువో, ఏ వేడి దగ్గర విరిగాయో పెయింటుతో రాసి పెట్టండి. గుర్తు లేని ముక్కను ఎంత బాగా కోసినా లాభం లేదు.